ముంపు మేడం పంపని సందేశం

దయ్యాలను నమ్మే ఇంట్లో పుట్టలేదు నేను. ప్రొద్దుటూరులో మాది గుడ్డల అంగడి. దయ్యముందని పేరుపడిన ఒక గోడౌన్‌ను మా నాయన సగం బాడుగకు మాట్లాడాడు. ఏడాది తిరిగాక ఓనరు బాడుగ పెంచబోతే, అది ఇంకా పోలేదని చెప్పి ఆపించాడు. మా ఇంట్లో దయ్యమంటే డిస్కౌంటు. అంతకుమించి దానితో మాకు పనిలేదు.

అలాంటివాణ్ణి నేను ఇది రాస్తున్నాను. చదివి నమ్మకపోతే తప్పులేదు. వేరేవాళ్ళు రాసుంటే నేనూ నమ్మేవాణ్ణి కాను.

అంగట్లో బేరం లేనప్పుడు ఫోన్లో ఒక ఆట ఆడేవాణ్ణి. యుద్ధాలూ తుపాకులూ ఉండవు అందులో. గోడలు, తలుపులు, చెట్లు, బావులు పేర్చుకుంటూ మనకు నచ్చిన ఊరు కట్టుకోవచ్చు. ఒకరి ఊరికి ఇంకొకరు పోయి తిరగొచ్చు. ఆ ఆటకు కంపెనీవాళ్ళే నడిపే ఒక ఫోరం ఉండేది. అందులో తెలుగువాళ్ళ విభాగంలో సగానికి సగం మా కడప జిల్లావాళ్ళమే. దానికి కారణం మస్తాన్. పులివెందులలో ఫోన్లు, పాత కంప్యూటర్లు బాగుచేసి అమ్ముతాడు. తన దగ్గర ఏది కొన్నా ఈ ఆట ఎక్కించి ఇచ్చేవాడు.

అలా చేరినవాడే ఓబులేసు మామ. అరవై దాటిన మనిషి, ఒకప్పుడు ట్రాక్టరు తోలేవాడు. ఆయన ఊరు కొండాపురం దగ్గర, గండికోట జలాశయం నీళ్ళలో మునిగిపోయింది. ఇప్పుడు జమ్మలమడుగులో బంధువుల ఇంటి పక్కన బాడుగకు ఉంటున్నాడు. మస్తాన్ దగ్గర పాత కంప్యూటరు కొనుక్కుని, ఆటలో తన ఊరిని మళ్ళీ కట్టాడు. ఊహించి కాదు. ఏ వీధిలో ఏ ఇల్లు, ఏ ఇంటికి ఎన్ని మెట్లు, ఏ గోడ ఎటువైపు కూలిందో అన్నీ ఉన్నది ఉన్నట్టు. కూలిన గోడను కూడా కూలినట్టే కట్టాడు.

సాయంత్రం పూట మేమంతా ఆ ఊళ్ళోనే చేరేవాళ్ళం. నేను అక్కడ కూడా గుడ్డల అంగడి పెట్టాను. ఒక్కడూ కొనలేదు. మామ మాత్రం రోజూ వీధులన్నీ ఒకసారి తిరిగొచ్చి, అప్పుడు అన్నానికి లేచేవాడట. తిరగని రోజు నిద్రపట్టదని ఆయన భార్య మాతో చెప్పింది.

ఫోరంలో కంపెనీ తరఫున కూర్చుని మా గోడు వినడానికి ఒక మనిషి ఉంటాడు. కమ్యూనిటీ మేనేజర్ అంటారు. పాత మేనేజరు కర్నూలు వైపు కుర్రాడు. ఏదడిగినా 'చూద్దామన్నా' అనేవాడు. ఏదీ చూసేవాడు కాదు. అయినా తిట్టుకోవడానికి మనవాడు ఒకడున్నాడనే ధైర్యం ఉండేది. అతను మానేశాడు. అతని స్థానంలో కొత్తగా ఒకామె వచ్చింది. పేరు అనన్య అని ఉంది, ఫోటో లేదు.

వచ్చీ రాగానే ఆమె పెట్టిన మొదటి ప్రకటన ఇది: "ప్రియమైన సముదాయ సభ్యులారా, మీ పాత ప్రపంచములు ఈ నెలాఖరున శాశ్వతముగా విశ్రాంతి పొందును. మీ జ్ఞాపకములను చిత్రములుగా భద్రపరచుకొనుడు."

కంపెనీ కొత్త ఆట తెస్తోందట. పాత ఊళ్ళన్నీ తీసేస్తారు. అంతే విషయం.

ఫోరం భగ్గుమంది. మస్తాన్ రాశాడు: "ఈయమ్మ మన ఊరికి పాడె కడతాండాది, అది గూడా పెండ్లిపత్రిక బాసలో." ఇంకొకడు ఆమెకు 'ముంపు మేడం' అని పేరు పెట్టాడు. అదే స్థిరపడిపోయింది. ఆమె ఏం రాసినా కింద ముంపు మేడంకు జై అంటూ వరసకట్టేవాళ్ళు. నష్టపరిహారం ఎంతిస్తావని, పునరావాసం యాడ చూపిస్తావని అడిగేవాళ్ళు. ఆమె ప్రతి ఒక్కరికీ 'మీ భావములను గౌరవిస్తాము' అని జవాబిచ్చేది. తిట్లకూ అదే జవాబు. దాంతో తిట్లు పెరిగాయి.

ఓబులేసు మామ తిట్టలేదు. ఒకే ఒక్క మాట రాశాడు. "పోయినసారి వచ్చినోళ్ళు గూడా శానా మర్యాదగా మాట్లాడినారు."

ఆ మాట కింద ఎవరూ జోకు వేయలేదు.

మామ ఊరిని నిలబెట్టాలని నాకు పట్టుదల వచ్చింది. పుణ్యం కోసం అనుకోవద్దు. బేరమాడితే తగ్గని వస్తువు ఉండదని నా నమ్మకం. ఆమెకు విడిగా సందేశం పెట్టాను. రెండేళ్ళు గడువు అడిగాను, ఆరు నెలలకు దిగుదామని మనసులో. ధన్యవాదములు అంది. ఏడాదికి దిగాను. ధన్యవాదములు అంది. చివరికి అంగడి మెట్టు దిగిపోయే గిరాకీలాగా, మేమంతా ఆట మానేస్తాం అని లేచాను, వెనక్కి పిలుస్తుందని. 'మీ నిర్ణయమును గౌరవిస్తాము' అంది. పుట్టి బుద్ధెరిగాక ఇంత ఘోరంగా ఏ బేరంలోనూ ఓడిపోలేదు.

మరునాడు మధ్యాహ్నం, అంగట్లో ఒకామెకు చీరలు పరిచి చూపిస్తుండగా ఫోను మోగింది. అదే వరుసలో, ఆమె ఖాతా నుంచే, 'గౌరవిస్తాము' అన్న జవాబు కిందే, ఇంకో సందేశం.

"తలుపు తీయమని చెప్పప్పా వానికి. ఆరు నెల్లు ఎప్పుడో అయిపాయ."

మొదట నవ్వాను. మస్తాన్ ఏదో కిటుకు చేశాడనుకున్నాను. ఫోను చేస్తే, ఏ తలుపు అని ఎదురు నన్నే అడిగాడు. కంపెనీ ఖాతా నుంచి రాసే తెలివే తనకుంటే పులివెందులలో ఛార్జర్లు ఎందుకు అమ్ముకుంటానని విసుక్కున్నాడు.

చీరలు మడిచాక ఆటలోకి పోయి, మామ ఊరంతా మెల్లగా తిరిగాను. అన్ని తలుపులూ తీసే ఉన్నాయి. వీధి చివర ఒక్క ఇల్లు మాత్రం తాళం వేసి ఉంది. అందులో దీపం లేదు. గడప ముందు ముళ్ళకంప అడ్డం పెట్టి ఉంది. అన్ని రోజులుగా ఆ ఇంటి ముందు నుంచే నా అంగడికి పోతూ వస్తూ ఉన్నాను. ఒక్కసారి కూడా దాన్ని చూసినట్టు గుర్తులేదు.

ఆదివారం జమ్మలమడుగుకు బస్సెక్కాను. మామ కళ్ళద్దాలు పెట్టుకుని సందేశం చదివాడు. మళ్ళీ చదివాడు. ఫోను నా చేతికిచ్చి లేచి, పెరట్లోకి పోయి చాలాసేపు రాలేదు. ఆయన భార్య, నేను అత్తా అని పిలుస్తాను, ఏమైందని నన్నే అడిగింది. చదివి వినిపించాను. ఆమె గోడకు ఆనుకుని కూర్చుండిపోయింది. సంగతంతా ఆమే చెప్పింది.

మామ తల్లి చనిపోయినప్పుడు నక్షత్రం మంచిది కాదన్నారు. అలాంటప్పుడు మా వైపు ఇల్లు పాడుపెడతారు. అంటే ఇంట్లోవాళ్ళంతా బయటికి వచ్చి తాళం వేసి, గడువు తీరేదాకా ఆ ఇంట్లో దీపం పెట్టరు. గడువు తీరాక శుద్ధి చేయించి, తలుపు తీసి, దీపం వెలిగించి, పాలు పొంగించి మళ్ళీ చేరతారు. వీళ్ళకు ఆరు నెలలు చెప్పారు. తాళం వేసి తమ్ముడింట్లో ఉన్నారు. గడువు తీరకముందే ఊరు ఖాళీ చేయాల్సి వచ్చింది. ముందే తలుపు తీద్దామని కొందరన్నారు. అరిష్టమని మామ ఒప్పుకోలేదు. ఆ ఇల్లు తాళంతోనే నీళ్ళలోకి పోయింది. తలుపు తీసి దీపం పెట్టకపోతే తల్లి లోపలే ఉండిపోయినట్టని ఆయన మనసులో పడిపోయింది.

ఆటలో కూడా ఆయన దాన్ని తాళంతోనే కట్టాడు. ఆ తాళం ఆయన తప్ప ఎవరూ తీయలేరు. ఈ సంగతి ఫోరంలో ఎవరికీ చెప్పలేదని, మస్తాన్‌కు కూడా తెలియదని మామ వచ్చాక అన్నాడు. తర్వాత ఇంకో మాట అన్నాడు. "మాయమ్మ నన్ను పేరు పెట్టి పిల్సేది గాదు శెట్టీ. వాడు, వానికి, అంతే."

అప్పుడు నా ఒళ్ళు జలదరించింది. ఇంతకంటే ఎక్కువ చేసి చెప్పను.

అనన్యకు ఆ సందేశాన్ని ఫోటో తీసి పంపి, ఇది మీరే రాశారా అని అడిగాను. మొదటిసారి జవాబు ఇంగ్లీషులో వచ్చింది. తనది ఈశాన్యం వైపట. ఉద్యోగంలో కొత్తగా చేరిందట. తెలుగు ఒక్క అక్షరం రాదట. ఏది రాసినా యంత్రంలో వేసి మార్చి పెడుతోందట. తన వైపు ఆ సందేశం కనిపించడమే లేదని రాసింది. చివర్లో అడిగింది, దాని అర్థం ఏమిటని. ఉన్నదంతా రాశాను.  మరునాడు, ఆ ఒక్క ఊరినైనా కొన్నాళ్ళు ఉంచమని పైవాళ్ళను అడిగానని, కుదరదన్నారని రాసింది.

ఈలోగా మస్తాన్‌కు సంగతంతా చెబితే, అతను ఆ ఫోటోతో సహా ఫోరంలో పెట్టేశాడు. అప్పుడు నేను చూసింది ఆ సందేశం కంటే ఎక్కువ భయపెట్టింది నన్ను. మొన్నటిదాకా ముంపు మేడం అని తిట్టినవాళ్ళు మొదట ఎగతాళిగా అడిగారు, మా తాత నిధి యాడ పెట్టినాడో కనుక్కో మేడం అని. ఆ రోజు సాయంత్రానికి ఎగతాళి పోయింది. కువైట్‌లో డ్రైవరుగా ఉన్న ఒకతను రాశాడు: "మాయమ్మ పోయినప్పుడు నన్ను పంపించలేదు మేడం. మట్టి గూడా వేయలేకపోయినా. నన్ను ఏమన్నా అనిందేమో అడుగు." ఇంకొకరు పోయిన కూతురి గురించి అడిగారు. ఇంకొకరు ఏమీ అడగకుండా ఒక పేరు మాత్రం రాసి వదిలేశారు. అనన్య ఒక్కొక్కరికీ జవాబిచ్చింది, మళ్ళీ అదే యంత్రం తెలుగులో. "క్షమించండి. నా వద్ద మరేమియు లేదు." పేజీ కిందికి జరిపేకొద్దీ అదే మాట.

ఊళ్ళు తీసేసే రోజు మస్తాన్ పులివెందుల నుంచి, నేను ప్రొద్దుటూరు నుంచి మామ ఇంటికి చేరాం. మధ్యాహ్నం దాటగానే ఆపేస్తారని చెప్పి ఉన్నారు. మామ తలంటు పోసుకుని కంప్యూటరు ముందు కూర్చున్నాడు. మౌసు మీద చెయ్యి పెట్టాడు గాని నొక్కలేదు. శుద్ధి చేయకుండా తీయొచ్చునా అని నన్ను అడిగాడు. నేనేం చెప్పగలను? గుడ్డలు కొలిచేవాణ్ణి. గడువెప్పుడో తీరింది గదా మామా అన్నాను. 

అత్త తలుపు దగ్గర నిలబడి అంది. "ఏమబ్బా, పిల్సింది గదా. తీయ్."

తీశాడు.

లోపల ఏమీ లేదు. నాలుగు గోడలు, నేల. ఊరంతటినీ మెట్లతో సహా కట్టిన మనిషి ఆ ఇంటి లోపల ఏమీ కట్టలేదు. చేతులు రాలేదేమో. ఒక దీపం తెచ్చి నేల మీద పెట్టాడు. ఆ నాలుగు మూలలూ తిరిగాడు, మెల్లగా, ఒక్కో మూలలో కాసేపు నిలబడుతూ. మళ్ళీ తిరిగాడు. మేం ముగ్గురం ఆ తెర వైపే చూస్తున్నాం. ఏదో ఒకటి జరగాలని, ఇన్నేళ్ళలో మొదటిసారి, నేను కోరుకున్నాను. ఏమీ జరగలేదు.

"ఈడ లేదప్పా," అన్నాడు మామ.

కాసేపటికి తెర తెల్లబడింది. ఆట ఆడినందుకు ధన్యవాదములు అని వచ్చింది.

మస్తాన్ ఊరినంతా తన కంప్యూటరులో దాచి ఉంచానని, ఎలాగోలా మళ్ళీ నిలబెట్టి ఇస్తానని చెప్పాడు. నాకు కూడా చెప్పకుండా నెలంతా కూర్చుని చేశాడట. మామ వద్దన్నాడు. "ఇన్నాళ్ళూ ఆ తలుపెనకాల ఉండాదిలే అనుకుంటి. తీయకుంటే ఉండునేమో. ఇప్పుడు యాడని ఎతకల్ల?"

 టీ తాగకుండానే లేచి వచ్చేశాం.

ఫోరం ఆ వారంలోనే మూతపడింది. కొత్త ఆటకు మాలో ఎవరూ పోలేదు. ఆ అమ్మాయి ఉద్యోగంలో ఉందో లేదో తెలియదు.

దీనికి లెక్క తేల్చాలని చాలా తన్నుకున్నాను. ఆ ఊరివాడెవడో ఫోరంలో దొంగపేరుతో ఉన్నాడనుకుంటే, కంపెనీ ఖాతాలోకి ఎలా దూరాడు? కంపెనీలో ఎవరో చేశారనుకుంటే, ఆ ఇంటి సంగతి వాళ్ళకెవరు చెప్పారు? యంత్రమే తప్పుగా మార్చిందనుకుంటే, ఏ ఇంగ్లీషు మాటను మారిస్తే అలా వస్తుంది? మస్తాన్‌తో చాలాసార్లు వాదించాను. అతనికీ అందలేదు. పోనీ, నిజంగా ఆ తల్లే పిలిచిందని ఒప్పుకుందామన్నా, తలుపు తీసేసరికి ఎందుకు లేదో చెప్పేవాళ్ళు లేరు.

పోయిన నెల సరుకు పని మీద జమ్మలమడుగు పోతే మామను చూసొచ్చాను. ఇంటి వీధి తలుపు బార్లా తీసి ఉంది. రాత్రుళ్ళు కూడా మూయనివ్వడం లేదని, కుక్కలు లోపలికొచ్చి అన్నం గిన్నెలు ముడుతున్నాయని అత్త నాతో మొరపెట్టుకుంది. ఆమె మూస్తే ఆయన లేచి తీస్తాడట. నేను చెబితే వింటాడేమోనని నన్ను బతిమాలింది.

నేను చెప్పలేదు. ఆయన పక్కన కాసేపు కూర్చున్నాను. ఇద్దరం తలుపు వైపే చూస్తూ ఉన్నాం.