తెల్లగా రావాల్సిన తెర

నవ్వాలనుకునేవాళ్లు ఇప్పుడే లేచి వెళ్లండి. నా ఇద్దరు పిల్లల మీద ఒట్టు, ఇది నా కళ్లతో చూశాను. పద్నాలుగేళ్లుగా ఆపరేషన్ థియేటర్లో నర్సుని. రక్తం చూసి జడుసుకునే రకాన్ని కాదు.

గుణదలలో మాది చిన్న హాస్పిటల్. సర్జన్ గారు నాలుగు చోట్ల కేసులు చూసుకుని మా దగ్గరికి వచ్చేసరికి రాత్రి పదకొండయింది. పామర్రు నుంచి వచ్చిన పద్మ అప్పటికే మత్తులో బల్ల మీద ఉంది. ఆరు నెలలుగా పొత్తికడుపులో ఎడమపక్క నొప్పి. స్కానింగుల్లో ఏమీ తేలలేదు. మొగుడేమో నాటకమంటాడు. అందుకే బొడ్డు దగ్గర చిన్న గాటు పెట్టి, అగ్గిపుల్లంత సన్నటి కెమెరా గొట్టం పంపి చూద్దామన్నారు.

గొట్టం లోపలికి పోయే ముందు దాని ఎదురుగా తెల్లటి గాజ్ గుడ్డ పెట్టాలి. కెమెరా చూసేది కనిపించే టీవీ తెర తెల్లగా వస్తే రంగులు సరిగ్గా ఉన్నట్టు. ఆ గుడ్డ పట్టేది నేనే.

అరచేతిలో పట్టుకున్నాను.

తెర... ఎర్రగా ఉంది.

తడిగా మెరిసే మాంసం. మధ్యలో నేరేడు పండులా నల్లటి గడ్డ. అది... కొట్టుకుంటోంది. పద్మ గుండె మెషీను నెమ్మదిగా బీప్... బీప్... అంటోంది. గడ్డ మాత్రం గబగబా. చేతిలోకి చూశాను. గుడ్డ తెల్లగానే ఉంది. చెయ్యి జరిపాను. గడ్డ జరిగింది. రెప్పవేసి చూసేసరికి... తెరంతా తెలుపు.

"ఏంటి సిస్టర్, నిద్రొస్తోందా?" సర్జన్ గారు విసుక్కున్నారు.

లోపల చూశారు. అంతా శుభ్రంగా ఉంది.

"సార్, ఎడమపక్క ఇంకోసారి చూడండి సార్."

"సర్జన్ నువ్వా, నేనా?" అని అరిచారు. అయినా చూశారు. ఏమీ లేదు.

బయట మొగుడు పళ్లికిలించాడు. "నే చెప్పలేదండీ? అంతా యాక్టింగు." వాడి పళ్లు రాలగొట్టాలనిపించింది.

పద్మకి ఆ తర్వాత నొప్పి రాలేదట. నాకు పోయిన నెల మొదలైంది. ఎడమపక్కే. స్కానింగులో ఏమీ లేదు. మా ఆయన అప్పుడే "ఏంటే ఈ నాటకాలు?" అన్నాడు.

రేపు రాత్రి నాకూ అదే గొట్టం. ఆ రాత్రి తెర మీద కనిపించింది పద్మ కడుపో, నా కడుపో, ఇంకేమిటో ఈనాటికీ తెలియదు. ఆ గదిలో ఆ గడ్డలాగే గబగబా కొట్టుకున్న గుండె మాత్రం నాది.

మత్తు ఇవ్వకముందు గుడ్డ నేనే పట్టుకుంటానన్నాను. సర్జన్ గారు నవ్వారు. నవ్వనీండి. తెర తెల్లగా వస్తేనే బల్ల ఎక్కుతాను. ఎర్రగా వస్తే... ఏం చేయాలో నాకే తెలియదు.