హవల్దారు బాబాయి చదవని మాట

మా కాలనీ సెక్టర్ 7లో పక్క క్వార్టర్ హవల్దారు బాబాయి ఏదైనా పైకే చదివేవాడు. మందుసీసా మీది అక్షరాలైనా, దుకాణం బోర్డైనా గొంతెత్తి చదివితేనే ఆయనకు తృప్తి.

మాజీ సైనికుల సంఘం వెబ్‌సైట్‌ను నేను కొత్తగా తయారుచేస్తూ, వాడి చూడమని ఆయన్ను పిలిచాను. అక్షరాలు పెద్దవి చేసినందుకు మెచ్చుకుని, ఒక్కో బటన్ చదువుకుంటూ వచ్చాడు.

"పింఛను. వైద్యం."

తర్వాతి మాట దగ్గర ఆగిపోయాడు. పాత సైట్‌లో ఉన్నట్టే అక్కడ 'వితంతువులు' అని ఉంచాను.

"ఏటైంది బాబాయ్?"

"నా పటాలం నేస్తం పోయి ఏడాదవలేదు. ఆళ్లావిడకి ఆస్పత్రి కార్డు కావాల. ఫోన్లో ఈ మాట చూసి మూసేస్తంది. దీని మీద నొక్కమని నేనెలా చెప్పనమ్మా?"

"మరేటి రాయమంటారు?"

"సైనికుడి కుటుంబం అని రాయి. ఆడు పోయినా ఆళ్లు మావోళ్లే కదా."

అప్పుడే మార్చేశాను.

మర్నాడు ఆవిడను వెంటబెట్టుకొచ్చాడు. ఆవిడను కుర్చీలో కూర్చోబెట్టి, ఈసారి తను పైకి చదవకుండా వెనక నిలబడ్డాడు. ఆవిడ కళ్లజోడు సర్దుకుని ఆ మాటను కూడబలుక్కుని చదివింది.

"ఇది నాకేనా?"

"మీకే వదినా," అన్నాడు బాబాయి.

ఆవిడ నొక్కింది.