అమ్మ సాంబ్రాణి బుట్ట

ఈ మధ్యాహ్నం మా అన్న లాల్‌దర్వాజాలోని మా అద్దె వాటా ముందు టాంగా దిగాడు. అమ్మ పోయాక తను రావడం ఇదే మొదటిసారి. అందుకని మా ఆయన తన దొరగారి వంటవాడిని అడిగి తెలుసుకొచ్చిన వంటకం చేశాను. కొర్రమీను ముక్కలకు పొగ పట్టించి, చిక్కటి మీగడ సాసుతో వడ్డించాలి. పొగ బయటికి పోకుండా కప్పడానికి ఇంకేమీ దొరకలేదు. తలంటు రోజుల్లో అమ్మ మా జుట్టుకు సాంబ్రాణి పట్టిన వెదురు బుట్టనే బోర్లించాను.

మొదటి ముక్క నోట్లో పెట్టుకుని అన్న ఆగిపోయాడు.

"గిదేంది చెల్లె, చేపకు అమ్మ తలకు పోసిననాటి వాసనొస్తున్నది?"

మళ్లీ అడిగి వడ్డించుకున్నాడు. నాకు గర్వంగానే అనిపించింది. చెయ్యి కడుక్కున్నాక బుట్ట తెమ్మని, అందులో ముఖం పెట్టి చాలాసేపు వాసన చూశాడు.

"దీంట్ల ఒట్టి చేప వాసనే ఉన్నది," అంటూ మెల్లగా కింద పెట్టాడు.

అన్న వెళ్లాక బుట్టను ఎండలో పెట్టాను, కొత్తగా సాంబ్రాణి వేశాను. ఆ వాసన మాత్రం తిరిగి రాలేదు. మీ ఇంట్లో ఇలాంటి బుట్టను ఎలా దాచుకుంటున్నారో చెప్పండి. మేమైతే అమ్మ వాసనను మీగడ సాసులో అద్దుకుని తినేశాం.