భవాని కోట మీద నల్లజెండా

కోటబొమ్మాళి స్టేషన్ రోడ్డులో నాది ఫ్యాన్సీ కొట్టు, పక్కది భవాని టైలరింగ్ కొట్టు. మధ్యలో ఉన్నది ఒక రేకు గోడ. ఆవిడ మిషను చప్పుడు ఆగిందంటే ఫోను చేతిలోకి తీసుకుందని నాకు తెలిసిపోతుంది. పూర్తి పేరు దుర్గాభవాని. ఆవిడ కుట్టిన జాకెట్టు సరిచేయమని వెనక్కి తెచ్చిన మనిషిని నేను చూడలేదు. అంత నిదానస్థురాలు ఫోనులో ఏం చూసి పెదవి కొరుక్కుంటుందో తెలుసుకోకుండా ఉండటం నావల్ల కాలేదు. పరాయివాళ్ళ సంగతులంటే నాకు పుట్టినప్పటినుంచీ ఆత్రమే.

"ఏటే అది?" అని ఒకరోజు అడిగేశాను.

"కోటలాట, రాణొదినా. ఇంగ్లీషు పేరు శానా పొడుగు, నాకు నోరు తిరగదు."

ఫోనులో పెద్ద దేశపటం. కొండలు, నదులు, రెక్కలున్న పాములు, మంత్రగాళ్ళు. ఎక్కడెక్కడి మనుషులో తలా ఒక కోట కట్టుకుని, జట్లు కట్టి, పక్క జట్టు మీదికి యుద్ధానికి పోతారు. భవాని జట్టుకు నాయకుడు కొత్తవలసలో ఉండే మోహనకృష్ణ. జట్టు ధాన్యమంతా దాచేది మాత్రం భవాని కోటలోనే. ఎవరికెంత పంచాలో, దండు ఎప్పుడు కదలాలో ఆవిడే చెప్పాలి. "అక్కని అడగండి" అన్నది వాళ్ళకు ఊతపదం. ఇంట్లో ఆవిడను ఎవరూ ఏదీ అడగరు. కూర ఏం వండాలో కూడా వాళ్ళే చెప్పేస్తారు. అందుకే "అక్కని అడగండి" అని కనిపించినప్పుడల్లా ఆవిడ మొహం వెలిగిపోయేది. నాకు ముచ్చటేసేది, కాస్త కుళ్ళుగా కూడా ఉండేది.

మొన్న వేసవిలో ఆ ఆటకు కొత్త హంగులు వచ్చాయి. భవాని కత్తెర పక్కన పెట్టి మరీ చెప్పింది.

"ఇకమీదట కోటకి నిప్పెట్టొచ్చట వదినా. కాలితే పొగ దేశమంతా కనిపిస్తాదట. గింజలు బూడిదైపోతాయి."

"ఓలమ్మ! ఆటలో కూడా కొంపలంటించడవేటే?"

"ఇది సూడు. ఎవులు ఏ బాసలో రాసినా మనకి తెలుగులో వస్తాది. ఇంకోటున్నాది. శత్రువుకి సాయం సేస్తే మన కోట మీద నల్లజెండా లేస్తాది. ద్రోహి అన్నమాట. నల్లజెండా కోటకి ఇంకెవులైనా సాయం సేసినా ఆళ్లకీ అదే శిక్ష."

"లేచిన జెండా ఇక దిగదా?"

"నాయకుడు దించితే దిగుతాది, తనది మాత్రం తనే దించుకోనేడు. నేకపోతే జట్టులోంచి తోసేస్తాడు."

ఆ నల్లజెండా ఎలా ఉంటుందో ఒకసారి చూడాలని నాకు మహా సరదాగా ఉండేది. ఈవిడ కోట మీదే చూస్తానని కల్లో కూడా అనుకోలేదు.

కొద్దిరోజులకే మోహనకృష్ణ శత్రుజట్టు పెద్దకోటకు నిప్పు పెట్టించాడు. నేను టీ గ్లాసులు పట్టుకుని వెళ్ళేసరికి భవాని ఫోనులో పొగ సుళ్ళు తిరుగుతోంది. జట్టువాళ్ళంతా నవ్వుబొమ్మలు పంపుకుంటున్నారు. భవాని నవ్వలేదు. నేను చూస్తుండగానే, జట్టు గింజల జోలికి పోకుండా, తన సొంత గాదెలోది బళ్ళకెత్తి ఆ కాలుతున్న కోటకు తోలేసింది. మరుక్షణం ఆవిడ బురుజు మీద నల్లజెండా లేచింది.

"పిచ్చేటే నీకు? తెలిసి తెలిసి సేసినావా?"

"తెలుసొదినా. సెయ్యి ఆగలేదు."

అప్పుడు చెప్పింది. ఆవిడ చిన్నప్పుడు కన్నవారి ఊరు, అన్నీ తాటాకిళ్ళే, మొత్తం తగలబడిపోయింది. పక్క ఊరితో వాళ్ళకు కాలవ నీళ్ళ దగ్గర ఎప్పుడూ తగువే, తలలు పగలగొట్టుకున్న తగువు. ఆ రోజు మాత్రం ఆ ఊరివాళ్ళే బానలతో అన్నం, కుండలతో పులుసు మోసుకొచ్చి పొలిమేరలో దించి, ఒక్క మాటైనా ఆడకుండా వెళ్ళిపోయారు. ఆ తర్వాత మళ్ళీ నీళ్ళ దగ్గర కొట్టుకున్నారు, అది వేరే సంగతి.

ఇంతలో కాలిన కోట యజమాని నుంచి మాట వచ్చింది. ఏ దేశపు మనిషో, ఏ భాషో తెలియదు. యంత్రం దాన్ని తెలుగు చేసింది: "ఈ ధాన్యము యొక్క వెల ఏమి? ఇది ఉచ్చు అవునా?"

భవాని మన మాటల్లోనే టైపు చేసింది. "ఎల లేదు. ఊరు కాలితే కూడెడతారు."

"ఎవరు పెట్టెదరు?"

"ఎవులికి ముందు పొగ కనిపిస్తే ఆళ్లు."

మన యాసను ఆ యంత్రం ఏం చేసి పంపిందో అని నేను తెగ ఆలోచించాను. అంతలో మోహనకృష్ణ ఫోను చేశాడు.

"అక్కా, ఏటిది? నువ్వే ఇలాగ సేస్తే మిగతా ఓళ్లకి నానేటి సెప్పాల?"

"నిజవే సెప్పు బాబూ. నానే పంపినాను."

"పొరపాటున నొక్కేసినానని ఒక్క ముక్క రాసెయ్యక్కా. జెండా దించేస్తాను."

"పొరపాటు కాదు బాబూ," అంది భవాని.

పాపం, ఆ మనిషి మాత్రం ఏం చేస్తాడు? జట్టు ధాన్యం వేరే కోటకు తరలించి, ఈవిడను బయటికి పంపేశాడు. నాకు ఒళ్ళు మండిపోయింది. ఒక్క అబద్ధం ఆడితే ఏం పోయిందని తిట్టాను.

"ఆ రోజు మాకు కూడు తెచ్చినోళ్లు పొరపాటున తెచ్చినారా వదినా?" అంది. నేను గ్లాసులు తీసుకుని నా కొట్టుకి వచ్చేశాను.

ఆ తర్వాత మిషను ఆగకుండా మోగుతూనే ఉండేది. ఆ మోత వింటుంటే నాకు దిగులేసేది. కూర్మమ్మగారి జాకెట్టుకు కుడిచేయి ఎడమవైపు, ఎడమచేయి కుడివైపు కుట్టేసింది. అది వెనక్కి వచ్చింది. భవాని కుట్లు విప్పుకుంటూ కూర్చుంది.

జట్టు లేని కోట, పైగా నల్లజెండా. ఎవడు ఊరుకుంటాడు? ఒక మధ్యాహ్నం మిషను చప్పుడు ఠక్కున ఆగింది. వెళ్ళి చూస్తే భవాని ఫోను నా వైపు తిప్పింది. ఎవరో మూడో జట్టువాళ్ళు ఆవిడ కోటకు నిప్పు పెట్టి పోయారు.

"కాలిపోతన్నాది వదినా," అంది మామూలుగా. కళ్ళు మాత్రం మామూలుగా లేవు.

ఇద్దరం పొగను చూస్తూ కూర్చున్నాం. నాకేమో ఆ పటంలో ఓ మూల ఏదో కదులుతున్నట్టు కనిపించింది. వేలు పెట్టి చూపించాను. బళ్ళు. ఆమధ్య కాలిన ఆ పెద్దకోటలోంచి వరసగా బళ్ళు బయల్దేరాయి. అవి గుమ్మం దాటీ దాటగానే ఆ కోట మీదా నల్లజెండా లేచింది.

కింద రెండే మాటలు వచ్చాయి. "పొగ కనిపించినది."

భవాని చేతిలో ఉన్న జాకెట్టు గుడ్డతోనే కళ్ళు తుడుచుకుంది. అది ఎవరిదో నేను అడగలేదు. ఇంతలో ఫోను మళ్ళీ మోగింది. ఈసారి కొత్తవలస నుంచి మోహనకృష్ణ. "అక్కా, పొగ నాకూ కనిపిస్తన్నాది. ఎన్ని బళ్లు తోలమంటావు?"

"ఆడి కోట మీదా జెండా లేస్తాది కదే?" అన్నాను.

"లేస్తాది. ఆడికి తెలుసు," అంది భవాని. "తెలిసే అడుగుతన్నాడు."