ఎడ్లకు ఉడికించిన ఉలవలు

నా చిన్నప్పుడు మా ఇంట్లో పుస్తకాలు చదివే మనిషిని నేనొక్కదాన్నే. ఆరో తరగతిలో ఉన్నాను. బోధన్‌లో బడి వదలగానే గ్రంథాలయానికి వెళ్లి, చేతికందిన పుస్తకమల్లా చదివేదాన్ని. ఊరు చేరాక చదివింది చదివినట్టు వాకిట్లో అప్పజెప్పేదాన్ని. నాన్న, అంటే మా బాపు, ఎడ్ల మెడలు నిమురుతూ వినేవాడు. అమ్మను మేము అవ్వ అని పిలిచేవాళ్లం. అవ్వ నేను చెప్పేది విని నవ్వి ఊరుకునేది. నా మాటను నిజంగా నమ్మినవాడు మా అన్న.

అన్న పరుగెత్తేవాడు. తెల్లవారకముందే కాలువ గట్టు పట్టుకుని చాలా దూరం పోయి వచ్చి, అప్పుడు చెరకు బండి కట్టేవాడు. ఆ ఏడు నిజామాబాద్‌లో పోలీసు భర్తీ ఉందని తెలిసింది. దూరపు పరుగులో ముందొచ్చిన వాళ్లనే తీసుకుంటారు. అన్న వయసుకు అదే ఆఖరి అవకాశం. తప్పితే బతుకంతా ఆ బండే. ఇంకా రెండు నెలలుంది. అన్న పొద్దూమాపూ పరుగెత్తడం మొదలుపెట్టాడు.

నేను గ్రంథాలయంలో వెతికి, ఆటగాళ్ల ఆహారం మీద ఒక పుస్తకం ఇంటికి తెచ్చాను. పరుగెత్తే దేహానికి చక్కెర పొయ్యిలో కట్టె లాంటిదని మొదటి పాఠంలో ఉంది. పందేనికి ముందు పప్పు, గుడ్డు తింటే కడుపు బరువవుతుందని కూడా ఉంది. రెండో పాఠం నిండా పట్టికలు, అంకెలు. నాకు విసుగొచ్చింది. గడువు రోజు రాగానే పుస్తకం తిరిగిచ్చేశాను. నాకు కావలసింది తెలిసిపోయిందనుకున్నాను.

ఆ రోజు నుంచి అన్న గిన్నెలోంచి పప్పు పోయింది. పొద్దున జొన్నరవ్వతో వండిన గట్క, చెరకు రసం. పరుగు నుంచి వచ్చాక బెల్లం నీళ్లు.

"పెరుగన్నా పోసుకో బిడ్డా," అని అవ్వ బతిమాలేది.

"వద్దే అవ్వా, బరువైతదట. చెల్లె సదివింది," అనేవాడు అన్న.

బాపు ఎగతాళి చేసేవాడు. "గంత చెరకు రసం తాగితే, ఉరికేటప్పుడు చక్కెర ఫ్యాక్టరీ గొట్టం లెక్క పొగ ఇడుస్తవ్ రా."

అవ్వ అన్న కోసం దాచిన కోడిగుడ్డు రోజూ నాకే వచ్చేది. ఇష్టంగా తినేదాన్ని.

నెల తిరిగేసరికి అన్న తొడలు సన్నబడ్డాయి. కాళ్ల నొప్పులు ఒక పట్టాన తగ్గేవి కావు. గడప దాటాలంటే దర్వాజా పట్టుకునేవాడు. తేలికయ్యాడు, ఇక గాలిలా పోతాడని నేను మురిసిపోయాను.

పరుగు రోజు నేనూ, బాపూ వెంట వెళ్లాం. సగం దూరం వరకు అన్నే ముందు. తర్వాత ఒక్కొక్కరే దాటిపోయారు. చివరికి మోకాళ్ల మీద చేతులు పెట్టుకుని నడుచుకుంటూ వచ్చాడు. కంచె దగ్గర నిలబడ్డవాడెవడో, "అరే, చెరకు పిప్పి వస్తుంది సూడుండ్రి!" అని అరిచాడు. అందరూ నవ్వారు. అన్న కూడా నవ్వబోయాడు.

మర్నాడు సాయంత్రం అన్న గోడకానుకుని కూర్చున్నాడు. అవ్వ ఎడ్లకు ఉలవలు ఉడికిస్తోంది. బాపు నన్ను పిలిచాడు.

"బిడ్డా, రేపటి సంది ఎడ్లకు ఉలవలు బంద్. చెరకాకు ఏసి, బెల్లం నీళ్లు పెడుదాం. చాలు గదా?"

నేను గట్టిగా నవ్వాను. "గదెట్ల బాపు? చెరకు బండి గుంజే ఎడ్లాయె. ఉలవలు పెట్టకుంటే కండ కరిగిపోదా? నాలుగు రోజులకే కూలబడ్తయి!"

"గట్లనా," అన్నాడు బాపు. మెల్లగా తల తిప్పి అన్న కాళ్ల వైపు చూశాడు. నేనూ చూశాను. నా నవ్వు ఎక్కడ ఆగిపోయిందో ఇప్పటికీ గుర్తుంది.

సోమవారం గ్రంథాలయానికి పరుగెత్తి అదే పుస్తకం తీశాను. నేను వదిలేసిన పాఠం మాంసకృత్తుల గురించి. పందెం రోజు సంగతి వేరు, సాధన రోజుల సంగతి వేరట. దూరాలు పరుగెత్తి కఠినంగా సాధన చేసేవాళ్లకు పప్పులు, పాలు, గుడ్లు మామూలు మనిషికంటే ఎక్కువ కావాలట. అవి అందకపోతే దేహం తన కండనే కరిగించుకుంటుందట. పశువుల కొట్టంలో రోజూ చూస్తున్నదే అచ్చులో చదివి, అక్కడే బెంచీ మీద ఏడ్చాను.

బాపుకు అంతా ముందే తెలిసి ఊరుకున్నాడా, పరుగు పోయాకే తట్టిందా? అడగడానికి ధైర్యం చాలలేదు.

అన్న మోకాళ్లు అరిగేదాకా చెరకు బండే తోలాడు. నన్ను ఒక్క మాట అనలేదు. నేనెప్పుడైనా నలుగురిలో పుస్తకం సంగతి ఎత్తితే మాత్రం, "ఆఖరిదాక సదివినవా చెల్లె?" అని అడిగేవాడు. అందరూ నవ్వేవాళ్లు, తనూ నవ్వేవాడు. నాకు ఎన్నడూ నవ్వు రాలేదు.

ఇప్పుడు పట్టికలతో సహా అట్ట నుంచి అట్ట దాకా చదవందే నోరు విప్పను. కోడిగుడ్డు మాత్రం ఆనాటి నుంచి నా గొంతు దిగలేదు, ఏ పుస్తకం ఎంత మంచిదని చెప్పినా సరే.