నేను వేసిన పీటముడి

మొన్న మధ్యాహ్నం భోజనం చేసి, బెంజ్ సర్కిల్ దగ్గర మా అపార్ట్‌మెంట్‌లో అలా నడుం వాల్చానో లేదో, ఇంట్లో ఉన్న నాలుగు సెల్‌ఫోన్లూ ఒక్కసారిగా కీచుమని అరిచాయి. తుఫాను హెచ్చరికట. కోడలు కొవ్వొత్తులకీ పాల ప్యాకెట్లకీ పరిగెత్తింది, అబ్బాయి సెల్లారులోని కారును ఎత్తుగా ఉన్న చోట పెట్టి రావడానికి వెళ్ళాడు, ఇంటరు చదివే మనవరాలు మాత్రం నా మంచమెక్కి కూర్చుని, కరెంటు పోయేలోగా ఆ గేదె కథ ఇంకోసారి చెప్పమంది.

ఆ కథ వినని వాడు మా చుట్టాల్లో లేడు. డెబ్బై ఏడు ఉప్పెనలో తాటిచెట్టంత అల లేచి మా ఊరి మీద పడితే, నేను కొడవలి నోట కరుచుకుని నీళ్ళలోకి దూకి, గొడ్లచావిడిలో కట్టేసి ఉన్న మా చూడిగేదె తాడు కోసి, దాని తోక పట్టుకుని ఈదుకుంటూ బయటపడిన కథ. పెళ్ళిళ్ళలో చెప్పాను, ఆఫీసు క్యాంటీన్లో చెప్పాను, రిటైరైన రోజున మెడలో దండ ఉండగానే మైకు పట్టుకుని చెప్పాను. చెప్పినప్పుడల్లా అల ఒక మూర పెరిగేది. నిజానికి తాటిచెట్టంత కాదు లెండి, మా పెంకుటింటి చూరంత. ఆగండి, చూరంత కూడా కాదు. ఎంతెత్తో తర్వాత చెబుతాను, ఆ ఎత్తులోనే ఉంది అసలు సంగతి.

మనవరాలు అంతా విని, అరచేతిలో గడ్డం పెట్టుకుని, "అది సరే గానీ తాతయ్యా, అసలు దాన్ని అంత గట్టిగా కట్టిందెవరు?" అంది.

దాదాపు యాభై ఏళ్ళలో నన్నెవరూ అడగని ప్రశ్న. ఆ పిల్లకు చెప్పాను కనుక మీకూ చెప్పేస్తాను.

చల్లపల్లి దాటి సముద్రం వైపు దిగితే కాలువ గట్టున ఉంటుంది మా ఊరు. నాకప్పుడు ఇరవై మూడేళ్ళు. బెజవాడలో కొత్తగా గుమాస్తా ఉద్యోగం వచ్చి, కోతలకని సెలవు పెట్టి ఇంటికి వెళ్ళాను. చేతికి గడియారం, జేబులో పెన్ను, ఇంట్లో ఎవరికీ తెలియనివన్నీ నాకు తెలుసునన్న ధీమా. ఆ ఉదయం రేడియోలో తుఫాను అన్నారు. మాకు తుఫాను కొత్తా? ఆ రోజుల్లో ఏటా ఒకటి వచ్చి నాలుగు పెంకులు లేపేసి పోయేది. కోసిన వరి తడవకుండా కుప్ప వేయించడానికి నాన్న పొలానికి పరిగెత్తాడు, అమ్మ బియ్యం డబ్బా, ఉప్పు జాడీ, అగ్గిపెట్టెలు అటకెక్కించింది, నేను ఇంటి కప్పెక్కి పెంకుల మీద ఇసుక మూటలు పేర్చాను. పోతూ పోతూ నాన్న, గేదె సంగతి కూడా నన్నే చూడమన్నాడు.

ఇక్కడ మా నాన్న ముడి గురించి చెప్పాలి. ఆయన ఏ పశువును కట్టినా జారుముడే వేసేవాడు. కొస పట్టుకుని ఒక్క లాగు లాగితే ముడి మొత్తం విడిపోతుంది. పామొచ్చినా, గడ్డివాము అంటుకున్నా పశువును అరక్షణంలో విడిపించగలగాలని ఆయన పట్టుదల. అంతకుముందు ఏడు మా గేదె ఆ కిటుకు తానే కనిపెట్టి, కొస నోటితో లాగేసి, పక్కింటివారి వరికుప్పలో పడి మేసింది. పక్కింటాయన నాకు వరసకు పెదనాన్న. ఆయన గేదెను బందెలదొడ్డికి తోలించి, వీధిలో నిలబడి, "ముడెయ్యటం రానోడికి గేదెందుకయ్యా!" అని మా నాన్నను నానా మాటలూ అన్నాడు. నాన్న నవ్వి ఊరుకున్నాడు. నాకు మాత్రం తల కొట్టేసినట్టయింది.

ఈసారి అలాంటి పరువు తక్కువ జరగనివ్వకూడదని, గాలికి బెదిరి తెంచుకుపోతుందేమోనని, కొత్త గోగునార తాడు తెచ్చి, రెండు పేటలుగా దాని మెడకు వేసి, గుంజకు కింది భాగాన, తల సరిగా ఎత్తడానికి కూడా వదులు లేకుండా, ఒకదాని మీద ఒకటి మూడు పీటముళ్ళు వేశాను. గోగునార తడిస్తే ఉబ్బి బిగుసుకుపోతుందని మా ఊళ్ళో చంటిపిల్లలకు కూడా తెలుసు. బెజవాడ గుమాస్తాకు గుర్తు రాలేదు.

మధ్యాహ్నం దాటాక గాలి గాలిలా లేదు, ఎవరో ఇంటిని భుజాలతో నెడుతున్నట్టుంది. నాన్న తడిసి ముద్దయి వచ్చి గుమ్మంలో కూలబడ్డాడు. పెంకులు పేకముక్కల్లా లేచిపోయాయి. ఆ తర్వాత నీళ్ళు వచ్చాయి. పైనుంచి కాదు, వీధిలోంచి నడిచి వచ్చాయి. మూతి మీద చిమ్మిన చుక్క ఉప్పగా ఉంది. సముద్రం చూడాలంటే మేం బస్సెక్కాలి, అలాంటిది సముద్రమే మా గడప తొక్కింది. ముగ్గురం ఒకరి మొహం ఒకరు చూసుకుంటూ నిలబడ్డాం. మా వీధిలో డాబా ఉన్నది ఒక్క పెదనాన్నకే. ఆయన పైనుంచి వంగి, "చూస్తారేంట్రా, ఎక్కండి! గేదె గొడవ రేపు తిట్టుకుందాం!" అని అరిచి, మా ముగ్గుర్నీ చేతులు పట్టి పైకి లాగాడు.

డాబా మీద నాన్న ఊపిరి కూడా తీసుకోలేదు. చావిడి వైపు చూసి, "జారుముడేగా, ఒక్క లాగు లాగి వచ్చేస్తా" అంటూ దిగబోయాడు. నేను ఆయన నడుం పట్టుకుని వదల్లేదు. తండ్రి మీద ఎంత ప్రేమో అనుకున్నారు అందరూ. సగం ప్రేమే, అబద్ధం చెప్పను. మిగతా సగం, అక్కడికి వెళితే ఆయన చేతికి ఏ ముడి తగులుతుందో నాకు తెలుసు. చెబుదామంటే నోరు రాలేదు. గేదె మూడుసార్లు అరిచింది. నాలుగోసారి కోసం చెవులు రిక్కించి విన్నాను. గాలి తప్ప ఏమీ వినబడలేదు.

తెల్లవారేసరికి నీళ్ళు తీశాయి. ఊరు మా ఊరిలా లేదు. చెట్లు లేవు, పైకప్పులు లేవు, దేనికీ నీడ లేదు. చావిడి గోడ మీద నీళ్ళు నిలిచిన బురద గీత సరిగ్గా నా రొమ్ము దగ్గరుంది. ఇదండీ నా తాటిచెట్టంత అల! గేదె తలెత్తి నిలబడితే దాని ముక్కు ఆ గీతకు పైనే ఉండేది. అది తలెత్తలేకపోయింది. గుంజ దగ్గర మోకాళ్ళ మీద ఉంది, కడుపులో దూడతో సహా. పెదనాన్న ఎడ్లు రెండూ విప్పేసి ఉండటంతో ఎక్కడికో ఈదుకుపోయి మూడో రోజుకి తిరిగొచ్చాయి.

నాన్న వంగి తాడు తడిమి చూశాడు. ముడి చూశాడు. నన్ను చూశాడు. ఇంతలో వెనకాలే అమ్మ వచ్చి, "ఏ పాపిష్టి చేతులు కట్టాయయ్యా ఇలాగ!" అని గుండెలు బాదుకుంది.

"నేనే కట్టా. బెదిరిపోద్దని," అన్నాడు నాన్న.

కొడవలి తెమ్మని నన్ను పంపాడు. తాడు కోసింది నేనే, ఆ ఒక్క మాట నా కథలో నిజం. బతికున్న గేదెది కాదు, అంతే.

తర్వాత నెల రోజులు బురద ఎత్తుతూనే ఉన్నాం. నూతిలో నీళ్ళు ఉప్పుకషాయం, కుప్పలో ధాన్యం మొలకలెత్తి కుళ్ళు కంపు, అమ్మ పట్టుచీర మడత విప్పితే నత్తలు. బెజవాడ నుంచి లారీల్లో వచ్చిన పులిహోర పొట్లాలు బ్లీచింగ్ పౌడరు వాసన మధ్యే తిన్నాం. దిగువ ఊళ్ళలో ఇళ్ళకు ఇళ్ళే మనుషులతో సహా లేకుండా పోయాయని తెలిశాక, గేదె కోసం పైకి ఏడవద్దని నాన్న అమ్మకు చెప్పాడు. అమ్మ ఏడవడం మానేసింది గానీ దెప్పడం మానలేదు. ఆయన బతికినంత కాలం, పాలు విరిగినా, కూర మాడినా, "ఆ చేతులతో ముడేసినోడివి నువ్వు నాకు చెప్పొచ్చావా!" అనేది. ఆయన కంచంలోంచి తలెత్తి నా వైపు ఒక్కసారి చూసి, మళ్ళీ అన్నం కలుపుకునేవాడు. ఆ చూపులో కోపం ఉన్నా బాగుండేది. ఇద్దరూ పోయారు, అమ్మకు నిజం తెలియకుండానే. అల ఎత్తు పెరిగే కొద్దీ నా ముడి చిన్నదవుతుందని కాబోలు, ఇన్నేళ్ళూ దాన్ని పెంచుకుంటూ వచ్చాను.

మనవరాలు తన చున్నీ నా చేతికిచ్చి, ఆ జారుముడి ఎలా వేస్తారో చూపించమంది. మంచంకోడుకు వేసి చూపించాను, చేతులు మరిచిపోలేదు. తను కొస పట్టి లాగింది. ముడి మొత్తం విడిపోయి చున్నీ జారి కింద పడింది.

"ఇంతేనా తాతయ్యా?"

ఇంతేనమ్మా, అన్నాను.

ఇప్పుడు తుఫాను ఎక్కడుందో, ఎన్నింటికి వస్తుందో ఫోనే చెబుతోంది, మంచిదే. ఆనాడు ఆ పాటి కబురు అంది ఉంటే దిగువన ఎంతమంది మిగిలేవారో. ఈ అపార్ట్‌మెంట్‌లో ఇన్ని కుటుంబాలున్నాయి, కట్టేయడానికి ఎవరికీ గేదె లేదు, ముడి వేయడం ఎవరికీ రాదు, రావలసిన అవసరమూ లేదు. అయినా ఆ సాయంత్రం వాన మొదలయ్యాక, మనవరాలు నా మంచం మీదే కూర్చుని, కోడుకు ముడి వేస్తూ, లాగేస్తూ, మళ్ళీ వేస్తూ ఉంది. నేను కళ్ళు మూసుకుని, ఆ ముడి జారే చప్పుడే వింటూ పడుకున్నాను.