ఫ్రీగా ఉన్న ఆడమనిషి

‘ఫ్రీ’ అన్న మాట చెవిన పడితే చాలు, నాకు ఒళ్లు మండుతుంది. డాక్టరు ‘మోషన్ ఫ్రీగా అవుతోందా’ అని అడిగితే సరే, అది ఆయన వృత్తి. అంగట్లో ‘ఫ్రీ సైజు నైటీ అక్కా’ అని అంటగడితే, అది నా భుజాల దగ్గరే ఇరుక్కున్నా నవ్వి ఊరుకున్నాను. మా ఆయన కర్మ నాడు ఒక బంధువు వడ తింటూ, “పిల్లా జెల్లా లేరు, ఇంక నువ్వు ఫ్రీలే తల్లీ” అంది చూడండి, అది మాత్రం ఇప్పటికీ అరగలేదు.

అప్పటి నుంచి నంద్యాలలో మా వాళ్లందరికీ నేను ఫ్రీ. తమ్ముడి ఇల్లు మా వెనక వీధిలోనే. “వదినా, నువ్వు ఫ్రీనే కదా, గ్యాసు వస్తాది, చూసుకో” అని మరదలు తాళం చెవి పడేసి పోతుంది. ఆడవాళ్లకు బస్సు కూడా ఫ్రీ చేశాక, ఇంక నేను ఎక్కని బస్సు లేదు, మొయ్యని సంచీ లేదు.

తమ్ముడి కూతురికి పెళ్లి కుదిరింది. ఆ పిల్ల నా చేతుల్లో పెరిగింది. జొన్నరొట్టె కొట్టడం నేర్పింది నేను, జ్వరమొస్తే పక్కన పడుకుంది నేను. మాలో కార్డు ఇస్తే చాలదు, ఆడవాళ్లు గడప గడపకూ వెళ్లి బొట్టు పెట్టి పిలవాలి. ఆళ్లగడ్డలో మా బంధువులందరినీ నేనే పిలుస్తానన్నాను.

“పోదువులే వదినా, బస్సు ఫ్రీనే కదా. బొట్టు మాత్రం మా చెల్లెలు పెడ్తాది. నువ్వు సంచీ పట్టుకో, చాలు” అంది మరదలు.

మొగుడు లేనిదాన్నని నోరు తెరిచి అనలేదు. అనక్కర్లేదు కూడా.

పోయాను. సిగ్గులేక పోయాను. ఆళ్లగడ్డ ఎండలో ప్రతి గేటు దగ్గరా సంచీతో నిలబడ్డాను. ఆ చెల్లెలు లోపలికి పోయి బొట్టు పెట్టి, మజ్జిగ తాగి వచ్చేది. భరిణెలో కుంకుమ అయిపోతే పొట్లం విప్పి నింపింది నేనే. నా వేళ్లు ఎర్రగా అయ్యాయి కానీ ఒక్క నొసటినీ తాకలేదు. నింపడానికి పనికొచ్చిన చెయ్యి పెట్టడానికి ఎందుకు పనికిరాదో ఎవరైనా చెప్పండి!

తిరిగొచ్చాక ఆ చెల్లెలు మరదలితో, “అందరినీ పిలిచినాం అక్కా” అంది.

“నన్నెవరు పిలిచినారు?” అన్నాను.

మరదలు నవ్వింది. “ఏంది వదినా, ఇంటిదానివి, నీకేంది పిలుపు?”

తమ్ముడు ఫోనులోంచి తల ఎత్తలేదు. గేటు బయట నిలబెట్టేటప్పుడు ఇంటిదాన్ని కాను, పిలవాల్సి వచ్చినప్పుడు ఇంటిదాన్ని.

పిలవని పెళ్లికి పోకూడదనే అనుకున్నాను. పోకపోతే చిన్నబోయేది ఆ పిల్ల. పట్టుచీర కట్టుకుని పోయి, అక్షింతలు వేసి, మొదటి పంక్తిలోనే కూర్చున్నాను. విస్తరి వేశారో లేదో మరదలు నెయ్యిగిన్నెతో వచ్చింది.

“వదినా, ఫ్రీగానే ఉండావు కదా, లేచి కొంచెం వడ్డించు.”

“ఈపొద్దు ఫ్రీ లేను” అన్నాను. “నా మేనకోడలి పెండ్లికి వచ్చినా. నెయ్యి వెయ్యి.”